సిలిండర్లు, కెమెరాలు, ఒక తేదీల పుస్తకం: ఇంటివాళ్లతో భద్రత వ్యాపారం నడిపే పద్ధతి

మంటలార్పే సిలిండర్లు నింపే పని మా మామగారు మొదలుపెట్టారు. కెమెరాలు, అలారాలు మా మరిది చదువయ్యాక చేరాయి. మా ఆయన సైట్లు తిరుగుతారు. ఫోను, బిల్లులు, పుస్తకం నావి. ఇలాంటి వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ముందుగా ఏ సరుకు తేవాలని అడుగుతారు. సరుకు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఒక లావుపాటి పుస్తకం కొనండి.

వేరే షాపుల్లో కొన్న వస్తువును జనం రోజూ వాడతారు. పాడైతే మర్నాడే వచ్చి గొడవ పెట్టుకుంటారు. మన సరుకేమో ఏళ్ల తరబడి గోడకు వేలాడుతూ ఉంటుంది. అది పాడైన సంగతి కొన్నవాళ్లకు అవసరం పడ్డ రోజునే తెలుస్తుంది. కాబట్టి మనమే వెళ్లి చూడాలి. ఎప్పుడు వెళ్లాలో పుస్తకం చెప్పాలి.

నేను రాసే పద్ధతి ఇది. ఒక్కో కస్టమర్‌కు ఒక పేజీ. ప్రతి సిలిండర్‌కూ మన నంబరు ఒకటి రంగుతో వేసి, అందులో ఏముంది, ఎంత తూకం, ఎప్పుడు నింపాం, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి ఆ పేజీలో రాస్తాను. పొగ అలారం తయారైన ఏడాది కూడా రాయాలి, పదేళ్లు దాటితే మోగుతున్నా సరే మార్చేయాలి. పుస్తకం చివర నెలకో పేజీ ఉంటుంది. కస్టమర్ పేజీలో తేదీ పడగానే ఆ నెల పేజీలోనూ పేరు పడుతుంది. నెల మొదట్లో నేను తెరిచేది ఆ చివరి పేజీలే. కంప్యూటర్లో ఎక్కించడం మంచిదే, కాకపోతే ఒక కాపీ షాపులో కాకుండా వేరే చోట ఉంచండి. మంటలార్పేవాళ్ల పుస్తకం మంటల్లో పోయిందంటే నలుగురూ నవ్వుతారు.

సైటుకు వెళ్లాక ఏం చూడాలి? మంటలార్పే పొడి నింపిన సిలిండర్ అయితే గేజ్ ముల్లు పచ్చ గీతలో ఉందని సంతకం పెట్టి వచ్చేయకండి. ముల్లు లోపలి ఒత్తిడిని చెబుతుంది గాని పొడి అడుగున గడ్డకట్టిందో లేదో చెప్పదు. తలకిందులు చేసి పొడి జారుతున్నట్టు చేతికి తెలుస్తోందా చూడాలి. పిన్ను, సీలు, గొట్టం కూడా చూడాలి. ఎవరైనా సరదాకి ఒక్కసారి నొక్కి వదిలినా మళ్లీ నింపాల్సిందే. వాల్వులో పొడి ఇరుక్కుని గ్యాసు మెల్లగా పోతూనే ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్‌ది వేరే లెక్క. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఆరు సిలిండర్ల మీద ‘గేజ్ లేదు, పాడైంది’ అని చీటీలు అంటించాను. మామగారు నవ్వి కాటా తెచ్చి నా ముందు పెట్టారు. లోపల గ్యాసు ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం కొంచెం మిగిలి ఉన్నంతవరకు ఒత్తిడి మారదు. ఇక గేజ్ పెట్టినా అది చెప్పేదేముంది? తూచడం ఒక్కటే దారి. నింపిన గ్యాసు తూకంలో పదో వంతు తగ్గిందంటే మళ్లీ నింపాలి.

కెమెరాల విషయంలో మాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక కస్టమర్ గోడౌన్లో దొంగలు పడ్డారు. రికార్డింగ్ తీద్దామని మరిది పరుగున వెళ్లాడు. తెర మీద అన్ని కెమెరాలూ కనిపిస్తున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, కాని హార్డ్ డిస్క్ పోయి మూడు వారాలైంది. అంతకు పది రోజుల ముందే మేం వెళ్లి ‘అన్నీ బాగున్నాయి’ అని రాసి వచ్చాం. ఆ ఏడాది డబ్బు వెనక్కి ఇచ్చేశాం, ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. అప్పటి నుంచి మా రూలు ఒకటే. వెళ్లిన ప్రతిసారీ ముందురోజు రాత్రి రెండింటప్పటి రికార్డింగ్ తెరిచి చూడాలి, ఏం కనిపించిందో ఒక ముక్క రాయాలి. ‘గేటు దగ్గర కుక్క’ అని ఉంటే చూసినట్టు నాకు అర్థమవుతుంది. ‘ఓకే’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోను. గడియారం కూడా సరిచూడాలి, గంట తేడా ఉన్న వీడియోతో ఆ తర్వాత పెద్ద తలనొప్పి.

డిస్కు అమ్మేటప్పుడు లెక్క కస్టమర్ ముందే వేయండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే 21 జీబీ పైనే అవుతుంది. 8 కెమెరాలకు రోజుకు 170 జీబీ దాటుతుంది. 1 టీబీ డిస్కు ఆరు రోజులకే నిండిపోయి పాతవాటి మీద కొత్తవి ఎక్కుతాయి. నెల రోజులు కావాలంటే 5 టీబీ దాటాలి. ఈ మాట ముందు చెబితే సలహా, తర్వాత చెబితే సాకు అంటారు.

కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా పరికరం బిగించి రావద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే పరికరాల్లో దొంగగా దూరే ప్రోగ్రాం, అలాంటి కెమెరాలను, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లు అందకుండా చేసింది. కొత్త పాస్‌వర్డ్ కస్టమర్‌కు కవర్లో ఇవ్వండి. ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరి ఇనప్పెట్టె ఏ గదిలో ఉందో మన పిల్లలకు కూడా తెలియకూడదు. బంధువులు ఊరికే అడుగుతారు, నవ్వి ఊరుకోండి.

అలాగని అన్నీ ఒక్కరి తలలోనే ఉంచుకోకూడదు. మామగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, కస్టమర్లు మా దగ్గర ఉంచిన తాళాల్లో ఏవి ఎవరివో ఎవరికీ తెలియలేదు. రాత్రి అలారం ఫోన్లన్నీ ఆయన దిండు కింద మోగేవి. ఇప్పుడు రాత్రులకు ఒకే ఫోను ఉంది, వారానికొకరి దగ్గర ఉంటుంది. తాళాలకు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో ఇద్దరికి తెలుసు. అలారం మోగిందని ఒంటరిగా వెళ్లకూడదు. పోలీసులు రాకముందు లోపల అడుగు పెట్టకూడదు. మరిది ఒకసారి హీరోలా వెళ్లాడు. లోపల పిల్లి తప్ప ఎవరూ లేకపోవడం వాడి అదృష్టం.

డబ్బు గురించి రెండే మాటలు. ఇంటివాళ్లయినా నెల జీతం రాసుకోండి, షాపు ఖాతా నుంచి ఇంటి ఖర్చు తీయకండి. లైసెన్సులు ఏవి కావాలో మీ చోటి అగ్నిమాపక శాఖను అడిగితే చెబుతారు.

గొడవలు మాత్రం డబ్బు దగ్గర కన్నా స్టిక్కర్ దగ్గర ఎక్కువ వస్తాయి. ‘రేపు తనిఖీ ఉంది, సిలిండర్లు తర్వాత చూద్దురుగాని, తేదీ స్టిక్కర్ మార్చి ఇవ్వండి’ అంటారు. పాత కస్టమర్ అంటాడు, దగ్గరి చుట్టమూ అంటాడు. మా ఆయన మొహమాటస్తుడు. అందుకే స్టిక్కర్లు నా బీరువాలో ఉంటాయి. కాటా మీద చూసిన తూకం పుస్తకంలో పడ్డాకే బయటికి తీస్తాను. ఇంట్లో ఒకరికి ‘కాదు’ అనే అధికారం ఇచ్చి, మిగతావాళ్లు అందులో వేలు పెట్టకుండా ఉండాలి. ‘మా ఆవిడ ఒప్పుకోదండీ’ అని ఆయన తప్పించుకుంటారు, నాకేం బాధ లేదు.

ఏడాదికోసారి కస్టమర్ దగ్గర పనిచేసేవాళ్ల చేత స్వయంగా నొక్కించండి. గడువు దగ్గరపడ్డ సిలిండర్‌ను ఎలాగూ ఖాళీ చేయాలిగా. చిన్న సిలిండర్ పది పదిహేను సెకన్లలో అయిపోతుందని చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. సగం మంది పిన్ను తీయకుండానే పిడి నొక్కుతూ కంగారు పడతారు. మంట పైభాగాన కొట్టేవాళ్లకు మొదట్లోకి కొట్టమని చెప్పండి. తలుపుకు వీపు పెట్టి నిలబడమనండి, పారిపోయే దారి వెనకే ఉంటుంది.

ఒక ఏడాది మా షాపు గోడ మీది సిలిండర్‌కే గడువు దాటిపోయింది. కనిపెట్టింది మేము కాదు, సరుకు దించడానికి వచ్చిన కుర్రాడు. అప్పటి నుంచి పుస్తకంలో మొదటి పేజీ మా షాపుదే. ఈ నెల మూడో నంబరు తూకం తగ్గింది. రేపు నింపాలి.