హైదరాబాద్‌లో కొన్న పాత కారుకి ఫాస్టాగ్ మార్చుకోవడం ఎలా?

మా గోదావరి జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ కారు అనగానే అందరి చూపూ హైదరాబాద్ మీదికే పోతుంది. అక్కడ బళ్లు ఎక్కువ, బేరానికి వీలు ఎక్కువ. ఆదివారం పొద్దున్న వెళ్లి, రాత్రికల్లా పాలకొల్లులోనో తణుకులోనో ఇంటి ముందు పెట్టేస్తారు. కొనేటప్పుడు టైర్లు గిల్లి చూస్తారు, బానెట్ ఎత్తి చూస్తారు, మీటరు తిప్పారేమోనని అనుమానపడతారు. టోల్ డబ్బు దానంతటదే కోసే ఫాస్టాగ్, అంటే అద్దం మీది ఊదారంగు స్టిక్కరు గురించి మాత్రం ఒక్కరూ అడగరు. పైగా "ట్యాగ్ కూడా ఫ్రీగా వదిలేశారండి" అని మురిసిపోతారు. తర్వాత ఏ సంక్రాంతికో విజయవాడ-హైదరాబాద్ హైవే మీది పంతంగి టోల్ దగ్గర ఆ ట్యాగ్ పనిచేయక, వెనక బళ్లన్నీ హారన్లు కొడుతుంటే నాకు ఫోన్ చేస్తారు. ఈ వరస చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఆర్సీ, ఆధార్, పాన్, మీ బ్యాంకు ఖాతాకి కలిపి ఉన్న ఫోన్ నంబరు, నంబరు ప్లేటు కనిపించేలా కారు ముందు భాగం ఫోటో. ఒక శుభ్రమైన నూలుగుడ్డ.

ట్యాగ్ ఏ బ్యాంకులో తీసుకోవాలి? మీ ఊళ్లో బ్రాంచి ఉన్న బ్యాంకులోనే, అదీ మీకు ఖాతా ఉన్న చోటే. ఇందులో బేరాల్లేవు. అన్ని ట్యాగులూ ఎన్‌పీసీఐ (యూపీఐని నడిపే సంస్థే) నడిపే ఒకే వ్యవస్థలో పనిచేస్తాయి కదా, ఎక్కడైనా ఒకటే కదా అంటారు. ట్యాగ్ ఒకటే, కానీ తేడా వచ్చినప్పుడు వెళ్లి ఎదురుగా కూర్చోవడానికి ఒక మనిషి ఉండాలి. టోల్ పక్కన గొడుగు వేసుకుని అమ్మే కుర్రాడు మర్నాడు అక్కడ ఉంటాడన్న నమ్మకం లేదు.

ఇక్కడి వరకూ సులువే. అసలు చిక్కు పాత ట్యాగ్ దగ్గర.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. ఆ స్టిక్కరులో డబ్బు ఉండదు, బ్యాటరీ కూడా ఉండదు. లోపల ఉన్న చిన్న చిప్ టోల్ దగ్గరి యాంటెనాకి ఒక గుర్తింపు సంఖ్య చెబుతుంది, అంతే. ఆ సంఖ్య ఏ కారు నంబరుది, ఏ ఛాసిస్‌ది, ఏ ఫోన్‌ది అన్న లెక్కంతా బ్యాంకు రికార్డులో ఉంటుంది. అందుకే స్టిక్కరు గీకి పారేసినంత మాత్రాన పాత ట్యాగ్ పోదు. అద్దం మీద కనిపించకపోయినా మీ కారు నంబరుకి అది అంటుకునే ఉంటుంది. ఒక బండికి ఒకే ట్యాగ్ అన్నది రూలు. పాతది బతికి ఉండగా కొత్తదానికి వెళ్తే "ఈ వాహనానికి వేరే బ్యాంకులో ట్యాగ్ ఉంది" అని వెనక్కి పంపుతారు.

కాబట్టి బేరం కుదరగానే, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే, ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో ఫాస్టాగ్ స్టేటస్ చూసే పేజీలో కారు నంబరు కొట్టండి. ట్యాగ్ ఏ బ్యాంకుదో, నడుస్తోందో లేదో తెలుస్తుంది. అది పేటీఎం పేమెంట్స్ బ్యాంకుదైతే ఇంకా జాగ్రత్త. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2024 మార్చి 15 తర్వాత ఆ ట్యాగుల్లో కొత్తగా డబ్బు వేయడం ఆగిపోయింది. పాత కార్ల అద్దాల మీద ఆ స్టిక్కర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

తర్వాత, మిగతా డబ్బు ఇచ్చే రోజున, అమ్మినాయన చేత మీ కళ్లముందే ట్యాగ్ క్లోజ్ చేయించండి. ఆ పని మామూలుగా ఆయన తప్ప ఇంకెవరూ చేయలేరు, ఓటీపీ వెళ్లేది ఆయన ఫోన్‌కే. మొహమాటం అక్కర్లేదు. క్లోజ్ చేస్తే డిపాజిట్, మిగిలిన బ్యాలెన్స్ ఆయనకే తిరిగి వస్తాయి, లాభం ఆయనదే. అయితే "బ్లాక్ చేశానండి" అంటే ఒప్పుకోవద్దు. బ్లాక్ అంటే తాత్కాలికంగా ఆపడం. మీకు కావలసింది క్లోజ్. ఎస్సెమ్మెస్ వచ్చాక దాన్ని ఫోటో తీసుకోండి. రెండు రోజులాగి అదే పేజీలో స్టేటస్ మళ్లీ చూడండి. అక్కడ మారితేనే పని అయినట్టు.

చాలామంది ఈ తలనొప్పి ఎందుకని "కొన్నాళ్లు ఆయన ట్యాగే వాడతాం, అయిన డబ్బు ఫోన్‌పే చేస్తాం" అంటారు. వద్దంటే వద్దు. మీరు ఏలూరు దాటినా, చౌటుప్పల్ దాటినా మెసేజ్ వెళ్లేది ఆయనకి. బ్యాంకు కేవైసీ అడిగితే అడిగేది ఆయన్ని. నాలుగు నెలల తర్వాత ఆయన భార్య "ఈ టోల్ మెసేజ్‌లు ఏమిటి" అని నిలదీస్తే, ఆయన చిరాకుపడి బ్లాక్ కొడతాడు. అప్పుడు మీరు ఎక్కడుంటారో చెప్పలేం. 2025 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, చెల్లని ట్యాగ్‌తో జాతీయ రహదారి టోల్‌కి వెళ్తే యూపీఐకి ఒకటింబావు రెట్లు కట్టాలి. వరసగా అన్ని ప్లాజాల్లోనూ అలా కట్టుకుంటూ పోవాలి.

డీలరు దగ్గర కొంటే ఇంకో తంటా. పాత యజమాని ఎవరో మీకు తెలియదు, డీలరేమో "అదే పోతుంది సార్" అంటాడు. అదే పోదు. పాత యజమానికి ఫోన్ చేయించి క్లోజ్ చేయించే బాధ్యత డీలరుదని అమ్మకం కాగితం మీద రాయించుకోండి. అప్పటికీ కాకపోతే ఆర్సీ, అమ్మకం కాగితాల కాపీలు పెట్టి పాత ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి ఈమెయిల్ రాయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆర్సీ మీ పేరుకి మారి ఉంటే ఈ పని చప్పున తెములుతుంది. పాత పేరుతో వెళ్తే మీరెవరని అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు.

ఆర్సీ మాట వచ్చింది కాబట్టి, చాలామంది బోల్తా పడే చోటు ఇంకొకటి చెప్పాలి. కారు టీఎస్ నంబరుతోనో టీజీ నంబరుతోనో వస్తుంది. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఇక్కడ ఏపీ నంబరు వేయించుకుంటారు. ప్లేటు మారిన రోజున ట్యాగ్ రికార్డులో పాత నంబరే ఉంటుంది. కాబట్టి ట్యాగ్ కూడా మార్పించుకోవాలి. ఈలోగా తొందరపడి యాన్యువల్ పాస్ (జాతీయ రహదారి టోళ్లకి ఏడాదికి ఒకేసారి కట్టేది) కొనకండి. ఆ పాస్ కారు నంబరుకి కట్టుబడి ఉంటుంది, ఇంకో బండికి మారదు. ఛాసిస్ నంబరుతో మాత్రమే ఉన్న ట్యాగులకి అసలు ఇవ్వరు. ఏపీ నంబరు వచ్చేదాకా మామూలు బ్యాలెన్స్‌తో తిరగండి, తర్వాత కొనుక్కోవచ్చు.

ట్యాగ్ చేతికొచ్చాక దాని మీది క్లాసు, అంటే బండి రకం చెప్పే అంకె చూడండి. కారు, జీపు, వ్యాన్‌కి 4 ఉండాలి. వేరే అంకె ఉంటే అంటించకుండా వెనక్కి ఇచ్చేయండి.

అంటించడం రెండు నిమిషాల పని. లోపలి వైపు, అద్దం మధ్యలో, రియర్ వ్యూ మిర్రర్ వెనక. అద్దం పొడిగుడ్డతో తుడవండి, సెంటు వాసన కొట్టే లిక్విడ్లు వద్దు. పొద్దున్నే అంటించండి, మిట్టమధ్యాహ్నం వేడెక్కిన అద్దానికి కాదు. ఒకసారి అంటించాక పీకితే చిప్ పాడవుతుంది, అలా చేయడానికే దాన్ని తయారుచేశారు. డాష్‌బోర్డు మీద పెట్టుకుని, టోల్ రాగానే చేత్తో పట్టుకుని చూపించే వీరులు ఉన్నారు. అలాంటి ట్యాగులని బ్లాక్‌లిస్టులో పెట్టమని 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ చెప్పేసింది.

ఇక ప్రయాణం. తాడేపల్లిగూడెం మీదుగా వెళ్తే ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు, విజయవాడ దాటాక కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి. యాన్యువల్ పాస్ 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ట్రిప్పు అంటే హైదరాబాద్ వెళ్లి రావడం అనుకుంటారు మనవాళ్లు. ఇలాంటి ప్లాజాల్లో ఒక్కో దాటుడు ఒక్కో ట్రిప్పు. ఈ దారిలో పోను ఏడు, రాను ఏడు. అంటే 200 ట్రిప్పులు పద్నాలుగు రాకపోకలకి సరిపోతాయి. నెలకోసారి వెళ్లేవాళ్లకి లాభమే. పండక్కి మాత్రమే వెళ్లేవాళ్లు ఆ డబ్బు పెట్రోలుకి ఉంచుకోండి.

పెద్ద అంబర్‌పేట చేరాక లెక్క మారుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, జాతీయ రహదారుల సంస్థది కాదు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ దాన్ని 2023లో 30 ఏళ్లకి లీజుకిచ్చింది. అక్కడ యాన్యువల్ పాస్ పనిచేయదు, ట్యాగ్‌లో విడిగా డబ్బు ఉండాలి. పాస్ ఉంది కదా అని సున్నా బ్యాలెన్స్‌తో ఎగ్జిట్ 11 దగ్గర పైకి ఎక్కితే, శంషాబాద్‌లో దిగేచోట ఆగిపోతారు. ఎక్కేచోట ట్యాగ్ చదివి, దిగేచోట దూరాన్ని బట్టి కోసే పద్ధతి అది. అందుకే ఎక్కేటప్పుడు ముందున్న కారుకి అతుక్కుపోయి గేటు దాటేయకండి. మీ ఎంట్రీ నమోదు కాకపోతే ఎక్కడ ఎక్కారో తేల్చడానికి ఆధారం ఉండదు. నేనైతే వెయ్యి రూపాయలు లేకుండా బండి ఊరు దాటించను.

విజయవాడ హైవేని ఆరు లైన్లు చేస్తారని, చౌటుప్పల్ దగ్గర రీజినల్ రింగ్ రోడ్డు వచ్చి కలుస్తుందని, ఇక ట్రాఫిక్ ఉండదని అందరూ ఆశపడుతున్నారు. రోడ్డు వెడల్పయితే మంచిదే. కానీ పంతంగిలో పండగ క్యూ రోడ్డు ఇరుకై వచ్చింది కాదు, గేటు దగ్గర ఒక్కో బండి ఆగడం వల్ల వచ్చింది. గేట్లే లేకుండా కెమెరా నంబరు ప్లేటుని, యాంటెనా ట్యాగ్‌ని చదివే పద్ధతికి గుజరాత్‌లోని చోర్యాసి టోల్ కోసం 2025లో ఒప్పందం కుదిరింది. అది మన దాకా వస్తే ప్లేటు మీద ఏపీ నంబరు, ట్యాగ్‌లో టీఎస్ నంబరు ఉన్నవాళ్లని ఆపి చెప్పేవాళ్లు కూడా ఉండరు.

ఇంటికి చేరాక మెసేజ్‌లన్నీ ఒకసారి చూసుకోండి. ఒకే ప్లాజాకి రెండుసార్లు కోసినా, కారు ఇంట్లో ఉండగా డబ్బు పోయినా ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి వెంటనే ఫిర్యాదు పెట్టండి, టోల్ సిబ్బందితో వాదించి ప్రయోజనం లేదు. జాతీయ రహదారి మీద మీ ట్యాగ్ చెల్లుబాటులో ఉండి, సరిపడా బ్యాలెన్స్ ఉండి, వాళ్ల మెషీనే చదవలేకపోతే మాత్రం డబ్బు కట్టక్కర్లేదు. 2018 నుంచీ ఉన్న రూలు ఇది. జీరో ట్రాన్సాక్షన్ రసీదు అడిగి తీసుకుని ముందుకు పొండి.