చేతిపనివాళ్లకి ఇన్సూరెన్స్ – 3వ పాఠం: పాలసీలో ఎంత రాయించాలి?

పోయిన పాఠంలో ఏ ప్రమాదానికి ఏ పాలసీ అన్నది చూశాం. షాపుకి ఫైర్, దొంగతనానికి బర్గ్లరీ, మనిషికి పర్సనల్ యాక్సిడెంట్. అది చదవనివాళ్లు ముందు అది చదివి రండి, ఎందుకంటే ఈసారి మొత్తం పాఠం ఒక్క అంకె మీదే. సమ్ ఇన్సూర్డ్, అంటే పాలసీలో రాయించే మొత్తం విలువ. ఏజెంటు ఫారం నింపుతూ "ఎంత పెట్టమంటారు సార్" అని అడుగుతాడు చూడండి, అదే. మనవాళ్లలో ఎక్కువమంది "ఎంతో కొంత పెట్టండి, ప్రీమియం తక్కువ రావాలి" అంటారు. నేనూ అలాగే అన్నాను.

ఆ మాట ఖరీదు నాకు 2014 అక్టోబరు 12న తెలిసింది. హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం. వైజాగ్ వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు, ఎయిర్‌పోర్టు పైకప్పే ఆగలేదు, కంచరపాలెంలో నా వెల్డింగ్ షాపు రేకులు ఆగుతాయా. రేకులు లేచిపోయి రెండు వెల్డింగ్ మెషిన్లు, చాప్‌సా, కంప్రెసర్ మోటారు తడిసి ముద్దయ్యాయి. నష్టం 1,80,000. లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్లు కట్టించిన ఫైర్ పాలసీ ఉంది (పేరు ఫైర్ అయినా తుపాను నష్టం కూడా అందులోనే), అందులో 3 లక్షలు అని రాసుంది కాబట్టి మనకొచ్చే 1,80,000 ఎక్కడికీ పోదనుకుని ధైర్యంగా ఉన్నాను. చేతికొచ్చింది 50,000 చిల్లర.

మోసం అనుకుని నెలరోజులు తిట్టుకున్నాను. మోసం కాదు, లెక్క. నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి తడిసిన వాటినే కాదు, షాపులో ఉన్న ప్రతి వస్తువునీ, ఇనుముతో సహా, లెక్కేశాడు. మొత్తం 9 లక్షలు తేలింది. నేను రాయించింది 3 లక్షలు. అంటే షాపులో మూడో వంతుకే ఇన్సూరెన్స్ ఉంది, మిగతా రెండు వంతులకి నేనే కంపెనీ అన్నమాట. కాబట్టి ఏ నష్టం వచ్చినా వాళ్లిచ్చేది మూడో వంతే. 1,80,000లో 60,000, అందులోంచి ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం) కోత పోగా మిగిలింది నాకు. దీన్నే యావరేజ్ అంటారు. మరి బ్యాంకు 3 లక్షలకే ఎందుకు కట్టించింది అంటే, దాని అప్పు అంతవరకే. మన షాపు మొత్తం దానికెందుకు?

ఇప్పుడు పరిస్థితి కొంచెం మెరుగు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఒక ప్రామాణిక ఫైర్ పాలసీ పెట్టింది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటనివాళ్లకి ఇది, అంటే మనందరికీ. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు అన్నీ ఇందులోనే వస్తాయి. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ప్రామాణిక కవర్ ఒకటే, కాబట్టి ధర పోల్చుకోవడం తేలిక. ముఖ్యంగా ఇందులో 15 శాతం వరకు తక్కువ రాసినా యావరేజ్ కోత పడదు. ఉదాహరణకి షాపులో సరుకు, సామాను కలిపి 8 లక్షలు ఉంటే, మీరు 7 లక్షలు రాయించారనుకోండి. లోటు పన్నెండున్నర శాతం, కోత లేదు. 4 లక్షలే రాయిస్తే లోటు సగం, ఇంక 2 లక్షల నష్టానికి 1 లక్షే.

అలాగని 15 లక్షలు రాయించినా లాభం లేదు. పోయినదానికే ఇస్తారు, రాయించినదానికి కాదు. ఎక్కువ ప్రీమియం మాత్రం పోతుంది. (ప్రీమియం అంటే గుర్తొచ్చింది, జీఎస్టీ తీసేశారుగా అని చాలామంది అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేసింది వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద. షాపు పాలసీకి 18 శాతం మామూలే.)

సరే, ఎంత రాయించాలో తేల్చడం ఎలా? మెషిన్ల దగ్గర అందరూ తప్పుతారు. ఆరేళ్ల కిందట 25,000కి కొన్న మెషిన్, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో 8,000 కూడా రాదు కదా అని 8,000 రాయిస్తారు. తప్పు. ఈ పాలసీలో మెషిన్లకి లెక్క కొత్తది కొనే ధరతో. అలాంటి మెషిన్ ఈరోజు పూర్ణామార్కెట్‌లోనో ఆటోనగర్‌లోనో ఎంతకి దొరుకుతుందో ఫోన్ చేసి కనుక్కుని అది రాయండి. పాత ధర రాస్తే, పైన చెప్పిన లోటు మీకు తెలియకుండానే వచ్చి కూర్చుంటుంది. కానీ ఒక మెలిక ఉంది. కొత్తది కొంటేనే కొత్త ధర ఇస్తారు. కొనకుండా డబ్బు జేబులో వేసుకుందామంటే అరుగుదల తీసేసి ఇస్తారు.

ఇనుము, పైపులు, వైరు, ఫిట్టింగులు... ఇవి మెషిన్లు కావు, స్టాకు, వేరే వరుసలో రాయాలి. మామూలు రోజున ఉన్నంత రాయకండి, సీజన్‌లో ఎక్కువగా ఉన్నప్పటి విలువ రాయండి. మనకి తుపానులు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి, అదే దసరా, దీపావళి పనుల కోసం షాపు నిండా సరుకు ఉండే టైము. కస్టమర్ రిపేరుకి వదిలిన గేటు, మోటారు, ఏసీ మీ సరుకు కాదు, అందుకని "కస్టమర్ల వస్తువులు" అని విడిగా రాయించుకోండి, లేకపోతే అవి పోయినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. షాపులో పెట్టిన బండి కూడా ఈ పాలసీలోకి రాదు, దానిది దానికే ఉండాలి.

ఇంకా రెండు విషయాలు, త్వరగా. ఫైర్ పాలసీ షాపు అడ్రసుకి కట్టుబడి ఉంటుంది. మీరు డ్రిల్లింగ్ మెషిన్ బండి మీద పెట్టుకుని మధురవాడ అపార్ట్‌మెంట్‌కి వెళ్తే అది అక్కడ ఏమైనా ఈ పాలసీకి సంబంధం లేదు, పనిముట్లు మీతో తిరిగేవైతే ఆల్ రిస్క్ పాలసీ అడగండి. షాపు మారితే అడ్రసు ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు రాయించడం) చేయించడం మర్చిపోకండి. ఇంక దొంగతనం. బర్గ్లరీ పాలసీలో తాళం పగలగొట్టడమో, షట్టర్ వంచడమో, ఏదో బలప్రయోగం జరిగినట్టు ఆనవాలు ఉండాలి. సుప్రీంకోర్టు 2004లోనే ఇదే చెప్పింది. తెరిచి ఉంచిన షాపులోంచి గ్రైండర్ ఎవడో పట్టుకుపోతే క్లెయిమ్ రాదు. మన దగ్గర పనిచేసే కుర్రాడే పట్టుకుపోతే అసలే రాదు.

తుప్పుకి మాత్రం ఎవరూ డబ్బివ్వరు. మన ఉప్పుగాలికి మెషిన్ బాడీ రెండేళ్లలో తినేస్తుంది, అది అరుగుదల, ప్రమాదం కాదు. దానికి గ్రీజే ఇన్సూరెన్స్.

ఈ వారం హోంవర్క్. షాపు తెరిచి ఫోన్‌తో ఒక చివర నుంచి మరో చివరకి మెల్లగా వీడియో తీయండి, ప్రతి మెషిన్ దగ్గర ఆగి కంపెనీ పేరు, సీరియల్ నంబరు కనపడేలా. కొన్న బిల్లులు ఉన్నవి ఫోటో తీసి ఆ వీడియోతో పాటు ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పంపేయండి, షాపులోని బీరువాలో పెడితే షాపుతో పాటే తడుస్తాయి, నావి తడిశాయి. తర్వాత ఒక కాగితం మీద మూడు మొత్తాలు వేయండి: మెషిన్లు కొత్త ధరకి, స్టాకు, కస్టమర్ల వస్తువులు. ఇప్పుడు మీ పాలసీ కాగితం తీసి పక్కన పెట్టి చూడండి. లోటు 15 శాతం దాటితే రెన్యూవల్ దాకా ఆగకుండా మధ్యలోనే పెంచమని అడగండి, మిగిలిన రోజులకి లెక్కగట్టి ప్రీమియం తీసుకుంటారు.

4వ పాఠంలో హెల్పర్ కుర్రాళ్ల సంగతి. పనిలో ప్రాణం పోతే ఇవ్వాల్సిన పరిహారం నెల జీతంలో సగాన్ని వయసు ఫ్యాక్టర్‌తో (వయసుని బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో) గుణించి కడతారు, 25 ఏళ్లవాడికి ఆ ఫ్యాక్టర్ 216.91. మీ కుర్రాడి జీతంతో ఒకసారి వేసి ఉంచుకోండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.