మెడికెయిడ్ తీసుకునే గైనకాలజిస్ట్ ఎలా దొరికారంటే (నా అనుభవం)

అమెరికాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మీద ఉన్న మా చెల్లికి గర్భం వచ్చి మూడో నెల వచ్చినా డాక్టర్ దొరకలేదు. ఎక్కడ అడిగినా "మెడికెయిడ్ తీసుకోం", లేదంటే "కొత్త పేషెంట్లను చేర్చుకోవడం లేదు". ప్లాన్ వెబ్‌సైట్ లిస్టు, గూగుల్, తెలిసినవాళ్లు చెప్పిన పేర్లు, ఏవీ పనికిరాలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు బీమా కార్డు మీద ప్లాన్ పేరు చూశాం. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్‌ను ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీల ద్వారా నడుపుతారు. అందుకే క్లినిక్‌ని ఆ ప్లాన్ పేరు చెప్పే అడగాలి. తర్వాత కార్డు వెనకాల ఉన్న మెంబర్ సర్వీసెస్ నంబర్‌కి ఫోన్ చేశాం. గర్భిణి అని, ఎన్నో నెలో మొదటి మాటలోనే చెప్పి, కేస్ మేనేజర్ (మన కేసు దగ్గరుండి చూసే ప్లాన్ మనిషి) కావాలని అడిగాం. వాళ్లు డాక్టర్ల లిస్టు చదివి వినిపిస్తామన్నారు. వద్దు, మేం లైన్లో ఉండగానే క్లినిక్‌కి ఫోన్ కలపండి అని గట్టిగా అడిగాం. అసలు పని అక్కడే అయింది. అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాక, కాన్పు ఏ ఆసుపత్రిలో చేస్తారు, అది మా ప్లాన్‌లో ఉందా అని కూడా కనుక్కున్నాం. ఇది మాత్రం మరిచిపోకండి.

చెల్లిని ముందు చూసింది నర్స్ మిడ్‌వైఫ్ (గర్భిణులను చూసి, కాన్పులు చేసే శిక్షణ ఉన్న నర్స్). చాలా ఓపికగా చూశారు, మాకు టెన్షన్ తగ్గింది.

రాష్ట్రానికో పద్ధతి ఉంటుంది కాబట్టి అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. కుదరకపోతే ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకు ఫోన్ చేయండి. వాళ్లు మెడికెయిడ్ తీసుకుంటారు. అన్నిచోట్లా ప్రసూతి సేవలు ఉండవు, ముందే అడగండి.