వీధిలో పాడుబడుతున్న ఫోర్‌క్లోజర్ ఇల్లు: బ్యాంకు చేత బాగు చేయించడం ఎలా?

మీ వీధిలో ఒక ఇల్లు చాలాకాలంగా ఖాళీగా ఉంది. అప్పు కట్టలేక ఆ కుటుంబం వెళ్లిపోయింది, బ్యాంకు ఫోర్‌క్లోజర్ కేసు (బాకీ కింద ఇంటిని వేలం వేయించే కేసు) వేసింది, ఆ తర్వాత ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. గడ్డి నడుము దాకా పెరిగింది. హీటింగ్ లేక జనవరి చలికి పైపు పగిలింది, నీళ్లు గోడల్లోకి దిగాయి, సైడింగ్ అంచుల నుంచి మంచు ఊచలు వేలాడుతున్నాయి. బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే లోన్ నంబరు అడుగుతారు. అది మీ దగ్గర ఉండదు, సంభాషణ అక్కడితో సరి.

ఇలాంటి ఇంటి విషయంలో బ్యాంకు కదిలేది సరైన సంస్థ పేరు మీద, సరైన చిరునామాకు, తేదీ వేసి టౌన్‌షిప్ (స్థానిక పాలక సంస్థ) పంపిన నోటీసుకే. ఆ నోటీసు పంపేలా టౌన్‌షిప్‌ను కదిలించేది కౌన్సిల్ హాల్లో కలిసి కూర్చున్న ఇరుగుపొరుగు. ఒక్కరు రాసిన ఉత్తరం ఫైల్లోకి పోతుంది. పాతికమంది వచ్చి అదే ఉత్తరం గురించి అడిగితే ఫైలు బయటికొస్తుంది.

ఇక్కడ చెప్పేది అమెరికాలోని న్యూజెర్సీ పద్ధతి. ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ అన్నది ఒక కారణమైతే, ఖాళీ ఇంటి బాధ్యతను వేలానికి ముందే బ్యాంకు మీద పెట్టే చట్టం అక్కడ 2014 నుంచీ ఉండటం అసలు కారణం. వేరే రాష్ట్రాల సంగతి చివర్లో ఉంది.

1. ఇల్లు ఏ దశలో ఉందో తేల్చుకోండి

చాలా బృందాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. కేసు పడగానే ఇల్లు బ్యాంకుది అయిపోయిందనుకుంటాయి. అలా కాదు.

వాయిదాలు తప్పినా కేసు ఇంకా పడకపోతే బాధ్యత పూర్తిగా ఓనరుదే. కేసు పడ్డాక షెరిఫ్ వేలం (కోర్టు తీర్పు మీద కౌంటీ అధికారి జరిపే వేలం) ముగిసేదాకా కాగితాల మీద ఓనరు పాత మనిషే, కానీ ఇల్లు ఖాళీగా ఉంటే బయటి భాగం బాగోగులు చూడాల్సింది కేసు వేసిన సంస్థ. జాంబీ ఇళ్లు అనేది ఈ మధ్య దశలో చిక్కుకున్నవాటినే. వేలంలో బ్యాంకే కొనుక్కుంటే ఇక అది బ్యాంకు సొంత ఇల్లు, మీ ఇంటికి వర్తించే నిబంధనలన్నీ దానికీ వర్తిస్తాయి.

దశ తెలుసుకోవడానికి మూడు చోట్ల చూడాలి. కౌంటీ టాక్స్ రికార్డులో ఇంటి బ్లాక్, లాట్ నంబర్లు దొరుకుతాయి. ముందు ముందు ప్రతి కాగితం మీదా ఇవి రాయాలి. కౌంటీ క్లర్క్ రికార్డుల్లో మార్ట్‌గేజ్, దాని బదిలీలు, కేసు పడినప్పుడు నమోదు చేసే లిస్ పెండెన్స్ (ఇంటి మీద కేసు ఉందని చెప్పే నోటీసు) ఉంటాయి. రాష్ట్ర కోర్టుల వెబ్‌సైట్లో కేసు వివరాలు ఉచితంగా చూడొచ్చు. వాది ఎవరో, వాళ్ల లాయరు ఎవరో అక్కడ తెలుస్తుంది.

వేలం అయిపోయినా బ్యాంకు డీడ్ రికార్డు చేయించకుండా జాప్యం చేస్తే టాక్స్ రికార్డులో పాత ఓనరు పేరే కనిపిస్తూ ఉంటుంది. అనుమానం వస్తే కౌంటీ షెరిఫ్ ఆఫీసులో అడగండి, వేలంలో ఎవరు కొన్నారో చెబుతారు.

2. అసలు పేరు పట్టుకోండి

కోర్టు కాగితాల్లో వాది పేరు తరచూ ఇలా ఉంటుంది: ఫలానా బ్యాంకు, ఫలానా సంవత్సరపు మార్ట్‌గేజ్ ట్రస్టుకు ట్రస్టీ. మీరు ఆ బ్యాంకుకు రాస్తే, మేము ట్రస్టీలం మాత్రమే, ఇంటి సంగతి సర్వీసర్ చూస్తుందని జవాబొస్తుంది. అది నిజమే. వాయిదాలు వసూలు చేసేది, గడ్డి కోయడానికి కాంట్రాక్టరుకు డబ్బిచ్చేది సర్వీసర్. దాని పేరు కోసం మెర్స్ అనే మార్ట్‌గేజ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఇంటి చిరునామా కొట్టి చూడండి. అన్ని లోన్లూ అందులో ఉండవు గానీ చాలావరకు దొరుకుతాయి, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇంతకంటే గట్టి ఆధారం టౌన్‌షిప్ క్లర్క్ దగ్గరే ఉండాలి. న్యూజెర్సీలో ఫోర్‌క్లోజర్ కేసు వేసిన సంస్థ, సమన్లు అందజేసిన 10 రోజుల్లోగా మునిసిపల్ క్లర్కుకు నోటీసు ఇవ్వాలి. ఇంటి మీద ఫిర్యాదులు ఎవరికి పంపాలో ఆ మనిషి పేరు, చిరునామా, ఫోన్ నంబరు అందులో రాయాలి. సంస్థ వేరే రాష్ట్రానిదైతే న్యూజెర్సీలోనే ఒక ప్రతినిధిని చూపించాలి. ఓప్రా చట్టం (ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కునిచ్చే రాష్ట్ర చట్టం) కింద క్లర్కుకు దరఖాస్తు పెట్టండి, జవాబుకు గడువు 7 పని దినాలు. దరఖాస్తులో చిరునామా, బ్లాక్, లాట్ రాసి రెండే అడగండి: ఈ ఇంటిపై వచ్చిన ఫోర్‌క్లోజర్ నోటీసు కాపీ, గత రెండేళ్లలో ఈ ఇంటికి పంపిన వయొలేషన్ (నిబంధన ఉల్లంఘన) నోటీసుల కాపీలు. మొత్తం రికార్డులన్నీ ఇవ్వండి అని రాస్తే అభ్యర్థన స్పష్టంగా లేదని తిప్పి పంపుతారు.

ఆ కాపీలు వచ్చాక నోటీసులు ఏ చిరునామాకు వెళ్లాయో చూడండి. ఖాళీగా ఉన్న ఆ ఇంటికే, వెళ్లిపోయిన ఓనరు పేరు మీదే పోస్టు చేసి ఉండటం మామూలు. బ్యాంకుకు కాగితమే అందకపోతే జరిమానా మొదలే కాదు. అంటే బ్యాంకు నోటీసే ఇవ్వలేదా, ఇచ్చినా టౌన్‌షిప్ వాడుకోలేదా? మీ పోరాటం ఎవరితోనో దీన్ని బట్టి తేలుతుంది.

3. సర్వే చేయండి

చుట్టుపక్కల ఇలాంటి ఖాళీ ఇళ్లన్నిటినీ చూడటానికి ఇద్దరిద్దరుగా వెళ్లండి. కాలిబాట మీద నుంచే చూడాలి, ఇంటి ఆవరణలో అడుగు పెట్టకూడదు. తలుపు తెరిచి ఉన్నా లోపలికి వెళ్లొద్దు, అది ట్రెస్‌పాస్ అవుతుంది. ప్రతి ఇంటికీ నాలుగు రకాల ఫొటోలు తీయండి: ఇంటి నంబరు కనిపించేలా ఒకటి, వీధి నుంచి ఇల్లంతా ఒకటి, లోపం దగ్గరగా ఒకటి, అదే లోపం పక్కింటితో కలిపి దూరంగా ఒకటి. దగ్గర ఫొటో ఒక్కటే ఇస్తే అది ఏ ఇల్లో ఆఫీసరుకు తెలియదు. రెండు వారాలకోసారి అదే చోట నిలబడి మళ్లీ తీయండి, అప్పుడు ఏ లోపం ఎన్నాళ్లుగా ఉందో ఎవరూ కాదనలేరు.

ఫారంలో ఏం రాయాలో చట్టమే దారి చూపిస్తోంది. వేగంగా ఫోర్‌క్లోజర్ పూర్తి చేయడానికి ఇల్లు ఖాళీదని కోర్టు ఎలా తేల్చాలో న్యూజెర్సీ 2012 చట్టం ఒక జాబితా ఇచ్చింది: పెరిగిన గడ్డి, పేరుకున్న ఉత్తరాలు, కరపత్రాలు, కరెంటు, గ్యాస్, నీళ్ల కనెక్షన్లు తీసేసి ఉండటం, కిటికీలకు కర్టెన్లు లేకపోవడం, లోపల సామాను లేకపోవడం, చెక్కలు కొట్టిన లేదా పగిలిన కిటికీలు, పొరుగువాళ్ల మాట. ఇలాంటివాటిలో కనీసం రెండు ఉండాలి. ఆ పదాలే మీ ఫారంలో వాడండి. గడ్డి ఎత్తు కొలిచి రాయండి. ఎన్ని అంగుళాలు దాటితే తప్పో మీ టౌన్‌షిప్ కోడ్‌లో ఉంటుంది.

ఇంట్లో ఎవరైనా ఉంటున్నట్టు కనిపిస్తే ఆ ఇల్లు మీ జాబితాలోంచి తీసేయండి. కేసు నడుస్తున్నా ఓనరు తన ఇంట్లోనే ఉండొచ్చు. అద్దెకున్నవాళ్లను ఫోర్‌క్లోజర్ పేరుతో వెళ్లగొట్టకుండా న్యూజెర్సీ చట్టం కాపాడుతుంది, వాళ్లకు ఆ సంగతి చెప్పి లీగల్ ఎయిడ్ నంబరు ఇవ్వండి. వెళ్లిపోయిన కుటుంబం పేరు వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కించడం అన్యాయం. ఇల్లు పోగొట్టుకున్న బాధ వాళ్లకు చాలు. మీ కాగితాల్లో చిరునామా, బ్లాక్, లాట్ ఉంటే సరిపోతుంది.

మంచి మనసుతో ఆ గడ్డి తామే కోసేస్తుంటారు కొందరు. వద్దు. కోస్తే సాక్ష్యం పోతుంది, బ్యాంకు ఖర్చు మీ నెత్తిన పడుతుంది, దెబ్బ తగిలితే ఇంకో తలనొప్పి. గ్యాస్ వాసన, తెగి వేలాడే కరెంటు తీగ లాంటి ప్రమాదముంటే మాత్రం సర్వే పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

4. మనుషుల్ని కూడగట్టండి

మొదలుపెట్టడానికి ఐదారుగురు చాలు. ఆ ఇంటికి రెండు పక్కలా, ఎదురుగా, వెనకా ఉన్నవాళ్లు అందులో ఉండి తీరాలి, ఎందుకంటే నష్టం వాళ్లది. ఇంటింటికీ సాయంత్రం 6 నుంచి 8 మధ్య వెళ్లండి. కరపత్రం ఇంగ్లీషులో ఉన్నా వెనకవైపు ఆ వీధిలో మాట్లాడే భాషలు వేయండి: స్పానిష్, గుజరాతీ, తెలుగు, ఏవైతే అవి. మనవాళ్ల గ్రూపులోనే తిరిగి మనవాళ్లనే తీసుకెళితే, కౌన్సిల్ దాన్ని ఒక వర్గం గొడవగా చూస్తుంది. ఎప్పట్నుంచో ఆ వీధిలో ఉన్న రిటైరైనవాళ్లను కలుపుకోండి. కౌన్సిల్ సభ్యులకు వాళ్ల ముఖాలు తెలుసు, ఇల్లు ఎప్పుడు ఖాళీ అయిందో కూడా వాళ్లకే బాగా తెలుసు.

పనులు పంచుకోండి. ఒకరు రికార్డులు, ఒకరు ఫొటోలు, ఒకరు ఫోన్లు, ఒకరు కౌన్సిల్ తేదీలు. అన్నీ ఒకరే మోస్తే ఆ మనిషి అలసిపోయిన రోజు పని ఆగిపోతుంది.

5. కౌన్సిల్‌కు వెళ్లే ముందు ఆర్డినెన్స్ చూసుకోండి

2014 చట్టం టౌన్‌షిప్‌లకు అధికారం ఇచ్చింది, దాన్ని వాడాలంటే టౌన్‌షిప్ తన ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చేసుకోవాలి. ఆ అధికారం ఇది: లోపం మీద నోటీసు అందిన 30 రోజుల్లోగా సరిచేయకపోతే రోజుకు 1,500 డాలర్ల దాకా జరిమానా. ప్రజలకు తక్షణ ప్రమాదమైతే గడువు 10 రోజులే. వేరే రాష్ట్రపు సంస్థ న్యూజెర్సీలో ప్రతినిధిని పెట్టకపోతే రోజుకు 2,500 డాలర్లు. వసూలైన దాంట్లో కనీసం 20 శాతం కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కే (ఇళ్ల నిబంధనలు అమలు చేసే పనికే) ఖర్చు పెట్టాలి. మాకు ఇన్‌స్పెక్టర్లు లేరని అనేవాళ్లకు ఈ వాక్యం చూపించండి.

తర్వాతి చట్టం ప్రకారం, ఫోర్‌క్లోజర్‌లో ఉన్న ప్రతి ఇంటికీ ఏటా 500 డాలర్ల వరకు రిజిస్ట్రేషన్ ఫీజు, అది ఖాళీదైతే అదనంగా 2,000 డాలర్ల వరకు వసూలు చేయొచ్చు. మీ టౌన్‌షిప్ ఈ ఆర్డినెన్స్ చేసిందో లేదో కోడ్ పుస్తకంలో చూడండి. చేయకపోతే మీ మొదటి డిమాండ్ అదే.

రాష్ట్ర చట్టం ఇచ్చిన హద్దు దాటి అడగొద్దు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రతి ఫోర్‌క్లోజర్ ఇంటికీ 10,000 డాలర్ల బాండ్ కట్టాలని 2011లో ఆర్డినెన్స్ చేసింది. రాష్ట్ర చట్టంతో పొసగదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2014లో దాన్ని కొట్టేసింది. 2008లో క్లీవ్‌లాండ్ నగరం 21 బ్యాంకుల మీద వేసిన పెద్ద దావా కూడా నిలవలేదు. బ్యాంకుల లోన్లకూ వీధుల్లోని నష్టానికీ సంబంధం మరీ దూరమని కోర్టులు అన్నాయి. ఒక ఇల్లు, ఒక లోపం, ఒక నోటీసు అన్న లెక్క అంత తేలిగ్గా కూలదు.

6. కౌన్సిల్ మీటింగు

న్యూజెర్సీలో మునిసిపల్ మీటింగుల్లో ప్రజలు మాట్లాడేందుకు సమయం ఇచ్చి తీరాలి. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే దొరుకుతాయి కాబట్టి పంచుకోండి. ఒకరు ఇళ్ల జాబితా చెప్పాలి, ఒకరు పక్కింటి నష్టం, ఒకరు చట్టం, చివరివాళ్లు డిమాండ్లు. ఫొటోలు, జాబితా ప్రింటు తీసి ప్రతి సభ్యుడికీ ఒక కాపీ ఇవ్వండి.

బ్యాంకుల మీద చర్య తీసుకోండి అని అడిగితే తప్పకుండా చూస్తామంటారు, అంతటితో మర్చిపోతారు. అవును, కాదు అని మాత్రమే జవాబొచ్చేలా అడగాలి. మా జాబితాలోని ఇళ్లన్నిటికీ క్లర్కు దగ్గరున్న ప్రతినిధి చిరునామాకు ఈ నెలాఖరులోగా నోటీసులు పంపుతారా? వచ్చే మీటింగులో ఒక్కో ఇంటి పరిస్థితి చదివి వినిపిస్తారా? జవాబు మినిట్స్‌లో ఎక్కేలా చూసుకోండి, మర్నాడే దాన్ని ఈమెయిల్‌లో రాసి పంపండి. తర్వాతి మీటింగుకూ అంతేమంది రావాలి. మొదటిసారి నలభైమంది వచ్చి రెండోసారి నలుగురే మిగిలితే పని మళ్లీ మొదటికొస్తుంది.

కోడ్ ఆఫీసరును శత్రువుగా చూడొద్దు. చాలాచోట్ల ఒకరిద్దరే ఉంటారు. మీరిచ్చే శుభ్రమైన ఫైలు ఆయన సగం పని తగ్గిస్తుంది.

7. ఇల్లు ఆరు నెలలు దాటి ఖాళీగా ఉంటే

పాడుబడ్డ ఆస్తుల పునరుద్ధరణ చట్టం కింద ఇంకో దారి ఉంది, దీన్ని చాలామంది వాడరు. ఆరు నెలలుగా ఎవరూ ఉండకుండా, మరమ్మతులు అవసరమై గానీ, ఆస్తి పన్ను బాకీ పడి గానీ, న్యూసెన్స్‌గా మారి గానీ ఉన్న ఇంటిని టౌన్‌షిప్ తన పాడుబడ్డ ఇళ్ల జాబితాలో పెట్టొచ్చు. ఆ జాబితాలో చేర్చమని టౌన్‌షిప్ నివాసి ఎవరైనా రాతపూర్వకంగా అడగొచ్చు. చిరునామా, బ్లాక్, లాట్, కారణాలు రాయాలి. అధికారి 30 రోజుల్లోగా చేరుస్తామనో, ఎందుకు చేర్చమో రాసి జవాబివ్వాలి. జాబితాకెక్కిన ఇంటిని టౌన్‌షిప్ ప్రత్యేక పన్ను వేలంలో పెట్టొచ్చు, కోర్టు ద్వారా స్వాధీనమూ చేసుకోవచ్చు. చేతిలోని పూచీ పోయే ప్రమాదం కనిపిస్తే బ్యాంకు త్వరగా మాట్లాడుతుంది.

8. బ్యాంకుతో నేరుగా

నోటీసులు వెళ్లాకే ఈ మెట్టు. సర్వీసర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఫైలు పంపి, మీటింగుకు తేదీ అడగండి. అడగాల్సినవి: గడ్డి, మంచు ఎన్ని రోజులకోసారి తీస్తారు, పైపుల్లో నీళ్లు ఖాళీ చేయించారా, కాంట్రాక్టరు ఎవరు, ఫోనెత్తే మనిషి ఎవరు, ఇల్లు ఎప్పుడు అమ్ముతారు. అందులో నివసించేవాళ్లకో లాభాపేక్ష లేని హౌసింగ్ సంస్థకో అమ్మమని పట్టుబట్టండి. 2024 నుంచి షెరిఫ్ వేలంలో ఇలాంటి కొనుగోలుదారులు 20 శాతం బదులు 3.5 శాతం డిపాజిట్‌తో పాల్గొనే వీలుంది. ఇంట్లోనే ఏడేళ్లు ఉంటామన్న షరతు వ్యక్తులకు ఉంటుంది.

స్పందన లేకపోతే 1977 నాటి కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ చట్టం (బ్యాంకులు తాము పనిచేసే ప్రాంతాల రుణ అవసరాలు తీర్చాలనే చట్టం) కింద బ్యాంకుకు, దాని ఫెడరల్ నియంత్రణ సంస్థకు రాతపూర్వక వ్యాఖ్య పంపండి. అది బ్యాంకు పబ్లిక్ ఫైల్లో ఉంటుంది, పరీక్షకులు చూస్తారు. ఇది డిపాజిట్లు తీసుకునే బ్యాంకులకే వర్తిస్తుంది, విడిగా నడిచే మార్ట్‌గేజ్ కంపెనీలకు కాదు. వాటి మీద సమయం వృథా చేసుకోకుండా టౌన్‌షిప్ జరిమానాలనే నమ్ముకోండి.

తెల్లవారి పేటల్లోని ఇళ్లను శుభ్రంగా ఉంచి, నల్లవారి, లాటినోల పేటల్లోవి వదిలేసినట్టు మీ సర్వేలో కనిపిస్తే అది ఫెయిర్ హౌసింగ్ (ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే) చట్టం ఉల్లంఘన కావొచ్చు. రెండు పేటల్లోనూ ఒకే ఫారంతో సర్వే చేసి, స్థానిక ఫెయిర్ హౌసింగ్ సంస్థకు ఇవ్వండి. నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్, 20 స్థానిక సంస్థలు ఇలాంటి ఫొటోలు, ఫారాలతోనే 2016లో ఫానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థ) మీద దావా వేశాయి. 2022లో 5.3 కోట్ల డాలర్లకు అది రాజీ అయింది.

వేరే రాష్ట్రాల్లో

న్యూయార్క్‌లో 2016 చివర్లో అమల్లోకొచ్చిన చట్టం, వేలానికి ముందే ఖాళీ ఇంటిని చూసుకోని సంస్థకు రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా వేస్తుంది. ఫిర్యాదు రాష్ట్ర ఆర్థిక సేవల శాఖకు చేయాలి. కాలిఫోర్నియాలో వేలం తర్వాత ఇల్లు పట్టించుకోని ఓనరుకు మొదటి 30 రోజులు రోజుకు 2,000 డాలర్ల దాకా, ఆ తర్వాత రోజుకు 5,000 డాలర్ల దాకా పడుతుంది, ముందుగా పని మొదలుపెట్టడానికి కనీసం 14 రోజుల గడువిస్తారు. టెక్సస్‌లో ఎక్కువ ఫోర్‌క్లోజర్లు కోర్టు కేసు లేకుండానే, నెలలో మొదటి మంగళవారం కౌంటీ వేలంలో ముగుస్తాయి. జాంబీ దశ అక్కడ చిన్నది. వేలం నోటీసు కౌంటీ క్లర్క్ దగ్గర కనీసం 21 రోజుల ముందు పెడతారు, అది చూసుకుంటూ ఉండి, బ్యాంకు కొన్న మర్నాడే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) ద్వారా, సిటీ కోడ్ ఆఫీసు ద్వారా కొత్త ఓనరుకు నోటీసు పంపించండి.