ఫోన్‌కి వైరస్ పట్టిందా, మీరే 'అలో' నొక్కారా?

గుంటూరు బ్రాడీపేటలో మాది నెట్ సెంటర్. ప్రింట్ల కోసం వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ ఫోన్ చేతిలో పెట్టి అడిగేవే ఇవన్నీ.

"అరగంటకోసారి వైరస్ అని మెసేజ్ వస్తోందండీ"

మిర్చి యార్డులో గుమస్తాగా చేసే ఒకాయన ఇదే బాధతో వచ్చారు. ఎవరో చెప్పారని రెండు క్లీనర్ యాప్‌లు వేసుకున్నారట, గోల ఇంకా పెరిగింది. నిజానికి ఆ ఫోన్లో వైరస్ లేదు. క్రికెట్ చూద్దామని ఏదో సైట్ తెరిస్తే, 'మీరు రోబో కాదని తెలియాలంటే అలో నొక్కండి' అంది. ఆయన నొక్కారు. నొక్కింది రోబో పరీక్షకి కాదు, ఎప్పుడు పడితే అప్పుడు నోటిఫికేషన్లు పంపుకోమని ఆ సైటుకి ఇచ్చిన అనుమతికి.

ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల పేర్లు కనిపిస్తాయి. మీకు తెలియని ప్రతి పేరునీ బ్లాక్ చేయండి. ఆయన ఫోన్లో అలాంటివి పదకొండు తేలాయి. ఆ క్లీనర్ యాప్‌లు కూడా తీసేయండి.

ఇంత చేసినా ఆగకపోతే తప్పు బ్రౌజర్‌ది కాదు, ఏదో యాప్‌ది. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) వేసుకున్నారేమో గుర్తు చేసుకోండి. వేసుకుని ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. ముందు నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నవాళ్లని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

"అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉందిగా, మంచి సైటే కదా?"

కాదు. మీకూ ఆ సైటుకీ మధ్య మాట మూడోవాడికి వినపడదనే ఆ తాళం చెప్పేది. అవతల కూర్చున్నది దొంగైనా తాళం ఉంటుంది. జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మనే మార్చేసింది.

చూడాల్సింది అడ్రస్‌లో సైటు పేరు చివరి భాగం. అంటే 'https://' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి (/) సరిగ్గా ముందున్న మాటలు. తిరుమల గదులు టీటీడీ సైట్‌లో బుక్ చేసేటప్పుడు అక్కడ 'ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్' ఉండాలి. ముందు టీటీడీ అని ఎంత పెద్దగా రాసి ఉన్నా, చివర వేరేది ఉంటే అది దేవస్థానం వాళ్లది కాదు. మన బ్యాంకులకీ 2025 అక్టోబరు 31 లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవాటిలో డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలూ ఉంటాయి, 'స్పాన్సర్డ్' అన్న మాట ఉందేమో చూడండి.

"షాపులో పాత కంప్యూటర్, సైట్లు సరిగా తెరుచుకోవట్లేదు"

విండోస్ 7 అయితే క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, 2023 నుంచి దానికి కొత్త వెర్షన్లు లేవు. దాని మీద బ్యాంకు పని చేయకండి. క్రోమా, ఫైర్‌ఫాక్సా, ఎడ్జా అని చాలామంది అడుగుతారు. నా లెక్కలో అప్‌డేట్ వస్తున్నదేదైనా మంచిదే. ప్రకటనల బెడద ఎక్కువుంటే ఫైర్‌ఫాక్స్ నయం, ఫోన్లో కూడా యాడ్ బ్లాకర్ పెట్టుకోనిస్తుంది.

"మీ సెంటర్‌లో మెయిల్ లాగౌట్ చేయడం మర్చిపోయానన్నా"

కౌన్సెలింగ్ రోజుల్లో పిల్లల నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. మళ్లీ ఇంతదూరం రానక్కర్లేదమ్మా. మీ ఫోన్లోనే గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో 'యువర్ డివైసెస్' చూడండి. మా కంప్యూటర్ కనిపిస్తుంది, అక్కడే సైన్ అవుట్ నొక్కండి. ఈసారి వచ్చినప్పుడు గెస్ట్ విండో తెరిచి ఇమ్మని కౌంటర్‌లో అడగండి, మూసేయగానే అందులో చేసిన లాగిన్ కూడా పోతుంది.