కొట్టుకున్న కౌజు పిట్టల్ని మళ్ళీ ఒకే కేజ్‌లో కలపడం ఎలా

ఒక పిట్ట నెత్తి మీద ఈకలు ఊడిపోయి, తోలు లేచి, మూలకి నక్కి కూర్చుందంటే గొడవ ఈరోజు మొదలవలేదని అర్థం, రెండ్రోజుల నుంచి జరుగుతూ ఉంటుంది, మనమే చూసుకోలేదు. ముందు దాన్ని బయటకి తీసేయండి. రక్తం కనిపిస్తే మిగతావి కూడా వచ్చి అక్కడే పొడుస్తాయి, అప్పటిదాకా బుద్ధిగా ఉన్నవి కూడా. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగి, గాయాలకి రాసే పోవిడోన్ అయోడిన్ మందు పల్చగా కలిపి రాస్తే చాలు. కంటికి తగిలినా, పుర్రె దాకా లోతుగా ఉన్నా డాక్టర్‌కి చూపించండి.

అసలు అది కొట్లాటేనా అన్నది కూడా చూడాలి. మగది పెట్ట మెడ వెనక ఈకలు ముక్కుతో పట్టుకుని ఎక్కుతుంది, కొన్ని సెకన్లలో దిగిపోతుంది, అది సంసారమే. కానీ ఒక్క పెట్టకే మెడ బోడిగా అయిపోతుంటే పెట్టలు తక్కువయ్యాయన్నమాట, ఒక మగదానికి నాలుగైదు పెట్టలుండాలి. కేజ్ అంతా తరిమి తరిమి కళ్ళ మీద, నెత్తి మీద పొడుస్తూ, మేత దగ్గరికి కూడా రానివ్వట్లేదంటే అదీ అసలు కొట్లాట.

చాలాసార్లు కారణం ఎక్కువైన మగపిట్టే. మామూలు గోధుమ రంగు జపనీస్ క్వెయిల్‌లో (క్వెయిల్ అంటే కౌజే) మూడు వారాలకే రొమ్ము చూసి చెప్పొచ్చు, మగదానికి ఇటుక రంగు సాదాగా ఉంటుంది, పెట్టకి నల్ల చుక్కలుంటాయి. తెల్లవాటిలో ఇది పనిచేయదు, ఈడొచ్చాక వెనక భాగం మెల్లగా నొక్కితే మగదానికి తెల్లటి నురగ వస్తుంది. ఈడు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చేస్తుంది, కూత, గొడవలు అన్నీ అప్పుడే మొదలు. రెండు మగవాటిని విడదీసి మళ్ళీ పెట్టల మధ్య కలపాలని చూడకండి, నా మటుకు నేను ఆ ఆశ వదిలేశా, ఎక్కువైనదానికి వేరే కేజే గతి.

ఇక మళ్ళీ కలపడం. నేను చేసిన తప్పు చెప్తా. దెబ్బతిన్న పెట్టని వేరే గదిలో అట్టపెట్టెలో పది రోజులు ఉంచి, గాయం మానింది కదా అని పొద్దున్నే తీసుకెళ్ళి పాత కేజ్‌లో వదిలేశా, ఐదు నిమిషాల్లో మళ్ళీ రక్తం. ఎందుకంటే అన్ని రోజులు కంటికి కనబడకపోతే వాటి లెక్కలో అది పాత పిట్ట కాదు, ఎవరో కొత్తది వచ్చి మన ఇంట్లో దూరింది అన్నట్టే.

అందుకే చిన్న గాయమైతే అదే కేజ్‌లో మెష్ అడ్డం పెట్టి ఒక పక్కన ఉంచండి, అటూ ఇటూ కనిపించాలి, వినిపించాలి, ముక్కు మాత్రం దూరకూడదు. దానికి మేత, నీళ్ళు విడిగా. కనీసం వారం, గాయం పూర్తిగా మాని పొక్కు రాలేదాకా. ఇంకా మంచి పని ఏంటంటే పొడిచేదాన్నే తీసి కొన్నాళ్ళు బయట పెట్టడం, తిరిగొచ్చేసరికి కొత్తది అదే అవుతుంది కాబట్టి పెత్తనం కాస్త తగ్గుతుంది.

కలిపే రోజు కేజ్ మొత్తం మార్చేయండి. మేత డబ్బాల చోటు మార్చి, రెండో డబ్బా పెట్టి, దాక్కోడానికి రెండు వైపులా తెరిచిన పెట్టెలు పెట్టండి, ఒకవైపే తెరిచి ఉంటే అందులో ఇరుక్కుని ఇంకా దెబ్బలు తింటుంది. దుమ్ము స్నానానికి ఇసుక ట్రే కొత్తగా పెడితే అందరి ధ్యాస దాని మీదకే పోతుంది, ఇది మాత్రం భలే పనిచేస్తుంది! వీలైతే అన్నిటినీ బయటకి తీసి ఒకేసారి వదలండి, ఒక్కదాన్నే మధ్యలో వదలొద్దు. కొందరు చీకటి పడ్డాక పెడతారు, నాకైతే సెలవు రోజు పొద్దున్నే నయం, పగలంతా కూర్చుని చూడొచ్చు.

ఒకటి రెండు పోట్లు, కాస్త తరుముకోవడం మామూలే, కంగారుపడి చెయ్యి పెట్టకండి. తరిమేది ఆగకుండా వెంటపడినా, నెత్తి ఈకలు పట్టి లాగినా వెంటనే మెష్ వెనక్కి, ఇంకో వారం. మూడుసార్లు చూసినా కుదరకపోతే దెబ్బలు తినేదాన్ని ఇంకో నెమ్మదైన పెట్టతో జత చేసి వేరే కేజ్‌లో పెట్టేయండి, ఒంటరిగా మాత్రం ఉంచకండి.

లైటు సంగతి మర్చిపోయా, గుడ్లకి రోజుకి 14 గంటల వెలుగు సరిపోతుంది, రాత్రంతా బల్బు వేసి ఉంచితే చిరాకు పెరిగి పొడుచుకుంటాయి. పిట్టకి ఒక చదరపు అడుగు చోటు, మేతలో 20 శాతం ప్రోటీన్ ఉండేలా చూసుకోండి.