ఫోన్‌లో 128 జీబీ చాలా, 256 కావాలా? మెమరీ కార్డుతో ఎంతవరకు నెట్టుకురావచ్చు?

ఫోన్ కొనేటప్పుడు కెమెరా గురించి, బ్యాటరీ గురించి పది ప్రశ్నలు అడుగుతాం. స్టోరేజీ దగ్గరికొచ్చేసరికి ‘తక్కువైతే కార్డు వేసుకోండి సార్’ అన్న షాపతని మాటతో ఊరుకుంటాం. ఏడాదిన్నర తిరిగేసరికి ‘స్టోరేజ్ ఫుల్’ అని వస్తుంది. అప్పుడు కార్డు కొని వేస్తే, కార్డు ఖాళీగానే ఉంటుంది, ఫోను మాత్రం నిండే ఉంటుంది. ఫోన్‌ను నింపేవాటిలో చాలావరకు కార్డు మీదికి వెళ్లనివే కావడం దీనికి కారణం. కాబట్టి ముందు ఇంటర్నల్, అంటే ఫోన్‌లోనే ఉండే స్టోరేజీ ఎంత కావాలో తేల్చుకోవాలి. కార్డు సంగతి ఆ తర్వాత.

1. ఇప్పుడు వాడుతున్న ఫోన్‌లో లెక్క తీయండి

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. శాంసంగ్ ఫోన్లలో ఇది డివైస్ కేర్ లోపల ఉంటుంది. కొన్ని ఫోన్లలో అబౌట్ ఫోన్‌లో కనిపిస్తుంది. సిస్టమ్ ఎంత, యాప్‌లు ఎంత, ఫొటోలు, వీడియోలు ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. వాట్సాప్ లెక్క మాత్రం విడిగా తీయాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కితే అసలు అంకె బయటపడుతుంది. ఫోన్ చూపించే ఫొటోల లెక్కలో వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు, వీడియోలు కూడా కలిసి ఉంటాయి. అందుకే ఫొటోల అంకెలోంచి వాట్సాప్ అంకె తీసేయండి, లేదంటే ఒకే సరుకును రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది.

సిస్టమ్ పేరుతో 15 నుంచి 30 జీబీ దాకా పోవడం మామూలే. 128 జీబీ ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపితే 119కి మించి చూపించకపోవడం కూడా మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుంది. చాలామంది గమనించనిది ఇంకొకటుంది. ‘8 ప్లస్ 8 జీబీ ర్యామ్’ అని పెట్టె మీద రాసినప్పుడు ఆ రెండో 8 జీబీ ఇంటర్నల్ స్టోరేజీలోంచి తీసుకున్నదే. అసలు ర్యామ్ 6 జీబీ, 8 జీబీ ఉన్న ఫోన్లలో దీన్ని తగ్గించినా, ఆపేసినా పెద్దగా తేడా తెలియదు. శాంసంగ్‌లో ర్యామ్ ప్లస్ అనీ, మిగతావాటిలో వర్చువల్ ర్యామ్, ర్యామ్ ఎక్స్‌పాన్షన్ వంటి పేర్లతోనూ ఉంటుంది.

2. నెలకు ఎంత పెరుగుతోందో కట్టండి

ఫొటోలు, వీడియోలు, వాట్సాప్, ఈ మూడే నెలనెలా పెరిగేవి. యాప్‌లు ఒక స్థాయికి వచ్చాక పెద్దగా పెరగవు. రెండేళ్లు వాడిన ఫోన్‌లో కెమెరాతో తీసినవి 38 జీబీ, వాట్సాప్ 16 జీబీ ఉన్నాయనుకోండి. మొత్తం 54 జీబీ, 24 నెలలకు పంచితే నెలకు 2.25 జీబీ. కొత్త ఫోను నాలుగేళ్లు వాడాలంటే 48 నెలలకు 108 జీబీ అవుతుంది. దీనికి సిస్టమ్ 25, యాప్‌లు 30 కలపండి, 163 జీబీ.

ఇక్కడితో ఆగకూడదు. కనీసం 15 శాతం ఖాళీ ఉండాలి. ఫ్లాష్ మెమరీలో పాత డేటా మీదే కొత్తది నేరుగా రాయడం కుదరదు. ఒక గడి మొత్తం తుడిచి, అప్పుడే రాయాలి. ఖాళీ గడులు అయిపోయినకొద్దీ ఫోన్ ముందు ఉన్నవాటిని సర్ది, ఆ తర్వాత రాస్తుంది. నిండిన ఫోన్‌లో కెమెరా తెరుచుకోవడానికి సమయం పట్టడం, టైప్ చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి రావడం దీనివల్లే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కూ కొన్ని జీబీల జాగా కావాలి. 163ని 0.85తో భాగిస్తే సుమారు 192. అంటే 256 జీబీ ఫోనే కొనాలి.

పాత ఫోన్‌లోని 54 జీబీని కూడా మోసుకెళ్తే? 163కు 54 కలిపితే 217, దాన్ని 0.85తో భాగిస్తే 255 దాటుతుంది. 256 జీబీ ఫోను కూడా అంచుదాకా నిండుతుంది. కాబట్టి పాత ఫొటోలను కొత్త ఫోన్‌లోకి ఎక్కించే ముందే హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ పెట్టుకుని, అవసరమైనవే తీసుకెళ్లండి.

వీడియోలు ఎక్కువ తీసేవాళ్లకు ఈ సగటు పనికిరాదు. 1080పీలో నిమిషానికి సుమారు 130 ఎంబీ, 4కేలో సెకనుకు 30 ఫ్రేములతో 350 ఎంబీ దాకా పడుతుంది. గంటసేపు పెళ్లి తంతు 4కేలో తీస్తే 21 జీబీ. కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌ఈవీసీ (వీడియోను ఎక్కువగా కుదించే పద్ధతి) ఎంచుకుంటే ఇది దాదాపు సగానికి తగ్గుతుంది. పాత కంప్యూటర్లలో ఆ ఫైళ్లు కొన్నిసార్లు ఆడవు, అది గుర్తుంచుకోండి. 50 మెగాపిక్సెల్ మోడ్‌లోనే అన్ని ఫొటోలూ తీసే అలవాటు కూడా మానుకోవాలి. మామూలు మోడ్‌లో ఒక ఫొటో 3 నుంచి 5 ఎంబీ ఉంటే, ఆ మోడ్‌లో 10 ఎంబీ దాటిపోతుంది.

3. ఎంత జీబీ కొనాలి?

64 జీబీ ఫోను ఇప్పుడు కొనకండి. ఇంట్లో పెద్దవాళ్లకు కాల్స్‌కే కదా అని తీసుకుంటారు గానీ, ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలతో ముందు నిండేది వాళ్ల ఫోనే. పైగా ఇలాంటి చవక ఫోన్లలో చాలావాటిలో ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజీ ఉంటుంది. ఈఎంఎంసీ 5.1 చదివే వేగం సెకనుకు 250 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. దానికంటే వేగమైన యూఎఫ్‌ఎస్ రకంలో యూఎఫ్‌ఎస్ 2.2 సుమారు 1000, యూఎఫ్‌ఎస్ 3.1 సుమారు 2000, యూఎఫ్‌ఎస్ 4.0 సుమారు 4000 దాకా వెళ్తాయి. స్పెసిఫికేషన్లలో జీబీ ఒక్కటే చూడకుండా ఈ రకం కూడా చూడండి. ఒకే మోడల్‌లోనూ తేడా ఉండొచ్చు. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23లో 128 జీబీకి యూఎఫ్‌ఎస్ 3.1 ఇచ్చారు, 256కి 4.0 ఇచ్చారు.

128 జీబీ, కార్డు స్లాట్ ఉంటే చాలామందికి సరిపోతుంది. పై లెక్కలోనే కెమెరాతో తీసేవన్నీ కార్డు మీదికి మళ్లిస్తే నాలుగేళ్లలో 76 జీబీ బయటికి పోతుంది. మిగిలేది 87, ఖాళీతో కలిపి 102. స్లాట్ లేని ఫోనైతే 256కి వెళ్లడమే మంచిది. మధ్య ధర ఫోన్లలో ఈ తేడా చాలాసార్లు రెండు మూడు వేలలో ఉంటుంది. ఐఫోన్‌లో ఎక్కువ. ఐఫోన్ 16 విడుదలైనప్పుడు మన దేశంలో 128 జీబీకి 79,900, 256 జీబీకి 89,900 రూపాయలు పెట్టారు. ఆ పదివేలు కనిపించి 128తో సరిపెట్టుకుంటే, తర్వాత క్లౌడ్‌కు, అంటే ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకునే స్టోరేజీకి డబ్బు కడుతూ ఉండాల్సి వస్తుంది. గూగుల్ వన్‌లో 100 జీబీకి ఏడాదికి 1300 రూపాయల ప్లాన్ తీసుకున్నా నాలుగేళ్లకు 5200 అవుతుంది. క్లౌడ్ బ్యాకప్‌కు మంచిదే గానీ, నిండిన ఫోన్‌లో యాప్‌లకు జాగా మాత్రం అది ఇవ్వదు.

4. స్లాట్ ఏ రకమో తెలుసుకోండి

ఐఫోన్లలో, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో కార్డు స్లాట్ ఎప్పుడూ లేదు. శాంసంగ్ ఎస్ సిరీస్‌లో 2021లో వచ్చిన ఎస్21 నుంచి తీసేశారు. మిగతా కంపెనీల్లో కూడా ధర పెరిగేకొద్దీ స్లాట్ మాయమవుతోంది. స్లాట్ ఉన్నా రెండు రకాలు. రెండు సిమ్‌లకూ, కార్డుకూ విడివిడిగా మూడు గూళ్లు ఉన్నది ఒకటి. హైబ్రిడ్ స్లాట్ అంటే రెండో సిమ్ పెట్టాలా, కార్డు పెట్టాలా అని తేల్చుకోవాల్సిందే. ఇంటి నంబరు ఒకటి, ఆఫీసు నంబరు ఒకటి వాడేవాళ్లు హైబ్రిడ్ ఫోను కొని కార్డు కూడా కొంటే డబ్బు దండగే. ఆ ఫోన్‌లో ఈ-సిమ్ (విడిగా కార్డు అక్కర్లేని సిమ్) సౌకర్యం ఉంటే ఒక నంబరును దానికి మార్చి గూడు ఖాళీ చేసుకోవచ్చు. షాపులో సిమ్ ట్రే బయటికి తీయించి కళ్లతో చూడండి.

5. కార్డు మీదికి ఏవి వెళ్తాయి, ఏవి వెళ్లవు

మెమరీ కార్డును ఇంట్లో అటకలా వాడుకోవాలి. కెమెరా ఫొటోలు, వీడియోలు, పాటలు, డౌన్‌లోడ్ చేసిన సినిమాలు, పీడీఎఫ్‌లు దాని మీద పెట్టొచ్చు. నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై లాంటి యాప్‌లలో డౌన్‌లోడ్లు కార్డు మీదికే వెళ్లేలా సెట్ చేసుకోవచ్చు.

వాట్సాప్ వెళ్లదు. దాని ఫైళ్లు ఇంటర్నల్‌లో ఆండ్రాయిడ్, మీడియా ఫోల్డర్ల లోపలే ఉంటాయి, కార్డును ఎంచుకునే వీలు ఆ యాప్‌లో లేదు. వీడియోలను ఫైల్ మేనేజర్‌తో కార్డులోకి తరలిస్తే జాగా మిగులుతుంది గానీ, చాట్‌లో వాటిని నొక్కితే తెరుచుకోవు. చాలా ఆటలు, బ్యాంకు యాప్‌లు కూడా ఇంటర్నల్‌లోనే ఉంటాయి. ‘మూవ్ టు ఎస్‌డీ కార్డ్’ కనిపించే యాప్‌లలో కూడా కొంత భాగమే వెళ్తుంది.

2015లో ఆండ్రాయిడ్ 6తో కార్డును ఇంటర్నల్‌లో భాగంగా కలిపేసుకునే పద్ధతి వచ్చింది. శాంసంగ్ లాంటి కంపెనీలు దాన్ని తమ ఫోన్లలో ఇవ్వలేదు. ఉన్న ఫోన్లలో కూడా వాడొద్దనే చెబుతాం. అలా కలిపిన కార్డును ఫోన్ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం వేస్తుంది, తాళంచెవి ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ పాడైనా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా కార్డు మీదున్నది ఇంకెక్కడా చదవలేం. కార్డు పోతే దాని మీదున్న యాప్‌లు కూడా పోతాయి. కార్డు పెట్టగానే అడిగినప్పుడు ‘పోర్టబుల్ స్టోరేజ్’ అనే ఎంచుకోండి. ఫోన్ డిస్‌ప్లే పగిలిపోయినా కార్డు తీసి ఇంకో ఫోన్‌లో పెట్టి ఫొటోలు చూసుకోవచ్చు. ఇదే కారణంతో ఫోన్ పోతే దొరికినవాళ్లు కూడా చూడగలరు, కాబట్టి ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు కార్డు మీద ఉంచకండి.

6. కార్డు కొనేటప్పుడు

కార్డు మీద చాలా గుర్తులుంటాయి. మీకు కావాల్సినవి రెండే. యూ3 లేదా వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాస్తుంది, 4కే వీడియోకు అది సరిపోతుంది. క్లాస్ 10, యూ1 అంటే కనీసం 10 ఎంబీ మాత్రమే. ఏ1, ఏ2 అన్నవి చిన్న చిన్న ఫైళ్లను వేగంగా తీయడానికి. ఏ1 చాలు. ఏ2 పూర్తి వేగం ఇవ్వాలంటే ఫోన్ కూడా దాన్ని గుర్తించాలి. పెట్టె మీద ‘సెకనుకు 200 ఎంబీ’ అని రాసినా పట్టించుకోవద్దు. ఈ కార్డుల్లో డేటా నడిచే మామూలు మార్గం (యూహెచ్‌ఎస్-1) సెకనుకు 104 ఎంబీ దాటదు, ఆపై వేగం ఆ కంపెనీ రీడర్‌తోనే వస్తుంది.

32 జీబీ కార్డులు ఫైళ్లను సర్దే ఫ్యాట్32 అనే పద్ధతితో వస్తాయి, వాటిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. కార్డులో జాగా ఉన్నా పెద్ద సినిమా కాపీ కాకపోవడం దీనివల్లే. 64 జీబీ, ఆపై కార్డులకు ఈ చిక్కు లేదు. మీ ఫోన్ ఎంతవరకు తీసుకుంటుందో స్పెసిఫికేషన్లలో చూసి, 128 లేదా 256 జీబీ కార్డు తీసుకోండి.

నకిలీలు బాగా ఉన్నాయి. ఐదారు వందలకు 1 టీబీ కార్డు ఇస్తున్నారంటే అందులో ఉన్నది ఏ 16 జీబీయో, 32 జీబీయో. లోపలి కంట్రోలర్‌ను మార్చి 1 టీబీ అని చూపిస్తారు. అసలు పరిమితి దాటాక కాపీ అయినట్టే కనిపిస్తుంది, తర్వాత తెరిస్తే ఫొటో సగం బూడిదరంగులో ఉంటుంది, వీడియో ఆడదు. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవారి పేరు చూసి కొనండి. వచ్చిన రోజే కంప్యూటర్‌కు కార్డ్ రీడర్‌తో కలిపి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో లేదా మ్యాక్‌లో ఎఫ్3 అనే పరీక్ష ప్రోగ్రామ్ నడపండి. ఇవి కార్డునంతా నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. 128 జీబీకి గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. రిటర్న్ గడువు దాటకముందే ఈ పని అయిపోవాలి.

7. పెట్టడం, తీయడం

ఫోన్ ఆపి, ట్రే తీసి, కార్డు మీది లోహపు గీతలు ట్రే గుర్తుకు తగ్గట్టు కూర్చోబెట్టండి. బలవంతంగా నెట్టితే ట్రే వంగి లోపల ఇరుక్కుంటుంది. ఫోన్ ఆన్ చేశాక సెట్టింగ్స్, స్టోరేజ్‌లో ఫోన్‌లోనే ఫార్మాట్ చేయండి. ఆ తర్వాత కెమెరా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ లొకేషన్‌ను ఎస్‌డీ కార్డ్‌గా మార్చండి, కార్డు వేసినంతమాత్రాన అది దానంతట మారదు. వరుసగా తీసే ఫొటోల వంటివి కొన్ని ఫోన్లలో అప్పుడు కూడా ఇంటర్నల్‌లోకే వెళ్తాయి.

పాత ఫొటోలు తరలించేటప్పుడు ‘మూవ్’ నొక్కకుండా ‘కాపీ’ నొక్కండి. నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే ఇంటర్నల్‌లోవి తొలగించండి. మధ్యలో చార్జింగ్ అయిపోతే ‘మూవ్’లో రెండు చోట్లా లేకుండా పోయే ప్రమాదం ఉంది. కార్డు తీసేముందు స్టోరేజ్‌లో ఎజెక్ట్ లేదా అన్‌మౌంట్ నొక్కాలి.

స్లాట్ లేని ఫోన్‌కు రెండు వైపులా మొనలున్న టైప్-సీ పెన్‌డ్రైవ్ పనికొస్తుంది. నెలకోసారి పెట్టి ఫొటోలు దించుకోవచ్చు. తక్కువ ధర ఫోన్లలో పోర్టు యూఎస్‌బీ 2.0 కావడంతో 50 జీబీకి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది.

కార్డులో ఏదీ డిలీట్ కాకపోయినా, డిలీట్ చేసిన ఫొటోలు రీస్టార్ట్ తర్వాత మళ్లీ కనిపించినా, ఆ కార్డు చదవడానికి మాత్రమే పనికొచ్చే స్థితికి చేరిందని అర్థం. అప్పుడు ఫార్మాట్ కొట్టి బాగుచేద్దామని చూడకండి. ముందు ఉన్నవన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, తర్వాత బిల్లు వెతికి వారంటీకి పంపండి. కంపెనీ కొత్త కార్డు ఇస్తుంది గానీ, పాతదాంట్లో ఉన్నవాటి బాధ్యత తీసుకోదు.